నీట మునిగి మంచుపై వెలసిన ఊరు

ఫ్రాన్సు దేశపు తూర్పు సరిహద్దున, ఇటలీకి చేరువగా ఉన్న ఆల్ప్సు పర్వతాలలో, సముద్రమట్టానికి 2,100 మీటర్ల ఎత్తున ఒక చిన్న ఊరున్నది. దాని పేరు ఆ దేశస్థులు పలికే తీరు మన లిపికి పూర్తిగా లొంగదు. తీన్యు అని వ్రాసుకుందాము. శీతకాలము వచ్చినదంటే యూరపు ఖండము నలుమూలల నుండి జనము అక్కడికి చేరి, కాళ్లకు పొడవాటి పలకలు తగిలించుకొని మంచువాలుల మీద జారుతారు. స్కీ అనే ఆట అదే. హోటళ్లు, అద్దె గదుల మేడలు, స్కీ సామాను దుకాణాలు, జనాన్ని కొండ మీదికి మోసుకుపోయే తీగమార్గాలు, ఇంకేమి చూచినా సరే, ఊరంతా ఈ ఆట చుట్టూ అల్లుకొని పుట్టినట్లు కనబడుతుంది. విహారానికి పోయినవారు సాధారణముగా ఇంతమట్టుకే చూచి వస్తారు.

కాని ఆ పేరు ఆ ఊరి కంటె చాల పాతది. ఆ పేరు మోసిన అసలు ఊరు అంతకు నాలుగైదు వందల మీటర్ల దిగువన, ఇజేర్ అనే నది ఒడ్డున ఉండేది. 1952లో అది నీట మునిగినది.

ఈ కథ మన ఉగాది సంచికలో ఎందుకని పాఠకులు అడుగవచ్చును. మాలో చాలమంది తాతలు, తండ్రులు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి తుంగభద్ర ఆయకట్టుకు వచ్చి, గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాలలో భూములు కొని, క్యాంపులు వేసుకొని స్థిరపడినవారు. ఆనకట్ట పుణ్యమా అని ఊళ్లు కట్టుకున్నవారము మేము. అదే ఆనకట్ట వెనుక ఊళ్లు పోగొట్టుకున్నవారు ఎగువన ఉన్నారు. నారాయణదేవరకెరె వంటి పేర్లు హోసపేట వైపు ఇప్పటికీ పెద్దల నోట వినబడతవి. తుంగభద్రలో నీరు నిలిచినది 1953లో, తీన్యు మునిగినది అంతకు ముందు ఏడు. మన దగ్గర పోగొట్టుకున్నవారు ఒకరు, కట్టుకున్నవారు వేరొకరు. తీన్యులో పోగొట్టుకున్నవారూ వారే, మరల కట్టుకున్నవారూ వారే. ఆ పని వారు ఎట్లు చేశారో, అందులో ఏమి నిలిచినదో, ఏమి పోయినదో తెలుసుకోవలెనని మాకు అనిపించినది.

ఆ ప్రాంతాన్ని సవ్వా అంటారు. 1860 వరకు అది ఫ్రాన్సులో లేదు, పీడ్‌మాంట్-సార్డీనియా రాజుల ఏలుబడిలో ఉండేది. ఆ ఏడు జరిగిన టూరిన్ ఒడంబడికతో ఫ్రాన్సులో కలిసినది. ఎత్తయిన లోయలు, చిన్న కమతాలు, ఏడాదిలో సగము మంచు. అక్కడి ఇండ్లకు రాతిపలకల కప్పులు. చలికాలములో మనుషులు, పశువులు ఒకే కప్పు క్రింద ఉండి ఒకరి వెచ్చదనముతో ఒకరు గడిపేవారు. వేసవి రాగానే ఆవులను, మేకలను పైనున్న పచ్చిక బయళ్లకు తోలుకుపోయి, అక్కడనే పాలు పిండి, చీజ్ చేసి, చలి మొదలుకాగానే దిగివచ్చేవారు. ఆ లోయల ఆవుపాలతో చేసే బోఫోర్ అనే పెద్ద చీజ్ చక్రాలు నేటికీ ఆ దేశములో పేరుగాంచినవే. మేకపాలతో చేసే ఒక రకపు చీజ్‌కు తీన్యు పేరే ఉన్నది. ఊరికి ఆస్తి అంటే పొలము కంటె ఈ పచ్చిక బయళ్లే. అవి ఊరుమ్మడివి. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవలెను, తరువాతి కథ అంతా దీనిమీదనే నడిచినది.

వలస కూడ ఆ కొండవారికి కొత్త కాదు. మంచు పడినన్నాళ్లు చేయటానికి పని లేక సవ్వా మగవారు, చివరకు చిన్నపిల్లలు సైతము, పారిస్, లియాన్ వంటి నగరాలకు పోయి కూలి చేసుకునేవారు. పొయ్యిగొట్టాల లోపలికి దూరి మసి దులిపే పిల్లలు అంటే పారిస్‌లో సవ్వా పిల్లలే. అట్టి ఊళ్లకు మంచు శత్రువు. ఆ మంచుకోసమే పట్నవాసులు డబ్బు పెట్టి కొండలెక్కి వస్తారని వారి తాతలతో చెప్పినట్లైతే నవ్వి ఉందురు. 1930ల నాటికి అది మొదలైనది. పొరుగున ఉన్న వాల్ దిజేర్ గ్రామములో, పిదప తీన్యులో, స్కీ ఆడేవారు రాసాగారు, ఒకటి రెండు వసతి గృహాలు వెలసినవి. అప్పటికి అది పశువుల మీద బ్రతికే ఊరికి పైరాబడి మాత్రమే.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. యుద్ధము ముగిసేసరికి ఫ్రాన్సులో బొగ్గు చాలదు, కరెంటు చాలదు, కర్మాగారాలు తిరగవలెను, రైళ్లు నడవవలెను. 1946లో విద్యుత్ సంస్థలన్నిటిని ప్రభుత్వము జాతీయము చేసి, కొండనదుల మీద ఆనకట్టలు కట్టే పనికి పూనుకొన్నది. తీన్యు దగ్గర ఆనకట్ట ఆలోచన యుద్ధానికి ముందునుంచీ ఉన్నదే. పని ముమ్మరముగా సాగినది 1947 - 1952 మధ్య. ఎత్తు 180 మీటర్లు, అనగా దాదాపు 590 అడుగులు. మన నాగార్జునసాగరము ఎత్తు 124 మీటర్లు. పూర్తి అయిన నాటికి యూరపులో అంతకంటె ఎత్తైన ఆనకట్ట లేదు. నాగార్జునసాగరము తన బరువుతో నీటిని ఆపితే, ఇది వంపు ఆనకట్ట. విల్లువలె వంగి, నీటి ఒత్తిడిని రెండు ప్రక్కల కొండలకు అందిస్తుంది. వేలాది కూలీలు, వారిలో పరదేశస్థులు కూడ పెక్కుమంది, చలిలో, మంచులో పని చేశారు. ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

ఇంత ఎత్తైన ఆనకట్టలో నిలిచే నీరు ఎంత? సుమారు 23.5 కోట్ల ఘనమీటర్లు. మన లెక్కలో ఎనిమిది టి.ఎం.సి.ల పైచిలుకు. తుంగభద్ర కట్టిన నాటి నిలువ 133 టి.ఎం.సి.లు అని వినిన మన రైతులకు ఇది చెరువు నీరువలె తోచవచ్చును. అసలు కిటుకు ఇక్కడనే ఉన్నది. మనకు కావలసినది పొలానికి నీరు, దానికి పరిమాణము ముఖ్యము. వారికి కావలసినది కరెంటు, దానికి ఎత్తు ముఖ్యము. ఎత్తుమీద నిలువచేసిన నీటిని కొండ కడుపున తవ్విన సొరంగాలలో పంపి, వందల మీటర్ల దిగువన ఉన్న మాల్‌గోవెర్ విద్యుత్కేంద్రములో పడవేస్తే, కొద్దినీరే మహాశక్తి అవుతుంది. కనుక తీన్యుకు చేటు తెచ్చినది దాని ఎత్తే. అదే ఎత్తు తరువాత ఆ ఊరికి మంచు రూపములో అన్నము పెట్టినది.

ఊరివారు ఊరకే ఒప్పుకోలేదు. అర్జీలు పెట్టారు, న్యాయస్థానాలకెక్కారు, నష్టపరిహారము పుచ్చుకోమన్నారు, పనివారికి అడ్డము తిరిగారు. ప్రభుత్వము చెప్పిన మాట ఏ దేశములోనైనా చెప్పేదే: దేశము కోసము కొందరు త్యాగము చేయక తప్పదు. ఆ మాటలో అబద్ధము లేదు. యుద్ధములో చితికిన దేశానికి కరెంటు కావలసి ఉన్నమాట నిజము. అయితే త్యాగము అనేది చేసేవారు అనవలసిన మాట, చేయించేవారు అంటే దానికి వేరే అర్థము వస్తుంది. కొన్ని వందల మంది రైతులు ఒకప్రక్క, ఒక మహాదేశము మరొకప్రక్క. ఫలితము ముందే తెలిసినది.

1952 వసంతములో తలుపులు మూశారు. నీరు పెరుగుతూ ఉన్నది, జనము ఇంకా ఇండ్లలోనే ఉన్నారు. ప్రభుత్వము పోలీసు దళాలను దింపినది. పత్రికలవారు, ఫోటోగ్రాఫర్లు చుట్టు ముట్టారు. ఆ దేశమంతటా ఆనాడు తీన్యు పేరు తెలియనివారు లేరు. శ్మశానములోని సమాధులు త్రవ్వి, చనిపోయినవారి అవశేషాలను వేరొక చోటికి తరలించారు. బ్రతికినవారు కదలకముందే చచ్చినవారు కదలవలసి వచ్చినదన్నమాట! ఇండ్లు కూల్చారు. గుడిని మందుపాతరలతో పేల్చివేశారు. నీటి క్రింద గోపురము నిలిచి ఉంటుందనీ, గంట వినబడుతుందనీ మునిగిన ఊళ్ల గురించి కథలు చెప్పుకోవటము లోకములో వాడుక. తీన్యు విషయములో అట్టి కథకు తావులేదు. ముంచేముందు ఊరిని నేలమట్టము చేశారు. 1953 జూలైలో ఫ్రాన్సు రాష్ట్రపతి వాన్సాన్ ఓరియోల్ వచ్చి ఆనకట్టకు ప్రారంభోత్సవము చేశారు.

గుడి విషయము కొంచెము నిలిచి చెప్పుకోదగినది. మన దేశములో శ్రీశైలము జలాశయము వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురములో తిరిగి నిలిపారు. నాగార్జునకొండ శిథిలాలను కొండమీది ద్వీపానికి చేర్చారు. తీన్యులో పాత గుడి రాళ్లు తరలిరాలేదు. ఆనకట్ట ప్రక్కన, కాస్త ఎగువన లె బ్వాస్ అనే చోట, పాతదానికి నకలుగా కొత్త గుడి కట్టారు. లోపలి పూజాపీఠపు అలంకారాలు, కొయ్య శిల్పాలు మాత్రము పాతవే. పేల్చకముందు విప్పి దాచి, తెచ్చి ఇందులో పెట్టారు. బయట కొత్త గోడ, లోపల పాత దేవుడు. ఆ ఊరి కథలో ఏది పాతది, ఏది కొత్తది అని ఎవరైనా అడిగితే చూపవలసినది ఈ గుడినే అని మాకు తోస్తుంది.

నిర్వాసితులకు పునరావాసముగా ప్రభుత్వము చూపినది కూడ ఈ లె బ్వాస్‌నే. కొందరు అక్కడ చేరారు. కొందరు డబ్బు పుచ్చుకొని లోయ దిగువకు, వేరే ఊళ్లకు పోయారు, తిరిగి రాలేదు. ఆనకట్టకు సరిగా దిగువన లె బ్రెవియేర్ అనే పల్లె ఒకటి ఉన్నది. అది కూడ తీన్యు గ్రామపరిధిలోనిదే, మునగలేదు. 180 మీటర్ల గోడను తలపైన పెట్టుకొని ఆ పల్లెవారు నేటికీ కాపురము చేస్తున్నారు. ఇక మిగిలినవారిలో కొందరు ఇంకా పైకి, 2,100 మీటర్ల ఎత్తున ఉన్న సహజమైన చిన్న సరస్సు ఒడ్డుకు ఎక్కారు.

అక్కడ ఏమున్నది? వేసవిలో ఆవులు మేసే పచ్చిక. చలికాలములో మంచు. చెట్టు కూడ అరుదే. కాని ఆ నేల వారిది. ఊరి ఇండ్లు మునిగినవి గాని గ్రామము మునగలేదు. ఫ్రాన్సులో గ్రామము అంటే ఇండ్ల గుంపు కాదు, హద్దులు, గ్రామసభ, ఊరుమ్మడి భూమి ఉన్న పరిపాలనా విభాగము. తీన్యు హద్దులు నదీతీరము నుండి గ్రాండ్ మోత్ శిఖరము దాక, అనగా 3,653 మీటర్ల దాక ఉన్నవి. నీరు తీసుకొన్నది అడుగు భాగమును మాత్రమే. కాగితము మీద తీన్యు అనే గ్రామము ఒక్కరోజు కూడ ఆగిపోలేదు. సభ ఉన్నది, పేరు ఉన్నది, పచ్చిక ఉన్నది. మన పల్లెలలో పోరంబోకు, మేతభూమి అనగానే ఎందుకూ పనికిరానిదనే చిన్నచూపు ఒకటున్నది. ఆ ఊరికి మిగిలిన మూలధనము అదొక్కటే.

ఊటీ కూడ సుమారు ఆ ఎత్తులోనే ఉన్నదని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చును. అయినను ఊటీలో స్కీ ఆడలేము. తీన్యు భూమధ్యరేఖకు 45 డిగ్రీల ఉత్తరాన ఉండుటచే నవంబరు నుండి మే దాక అక్కడి మంచు కరగదు. పైగా గ్రాండ్ మోత్ కొండ ఒడిలో హిమానీనదము ఒకటున్నది. అంటే ఏళ్ల తరబడి పేరుకున్న మంచుగడ్డ, అది వేసవిలోను నిలిచేది.

పని నెమ్మదిగా మొదలైనది. 1950లలో సరస్సు చుట్టూ కొద్ది హోటళ్లు, ఒకటి రెండు తీగమార్గాలు. ఆ కాలానికే ఫ్రాన్సులో ఖాళీ కొండమీద స్కీ కోసమే ఊరు కట్టవచ్చునని తేలినది. 1946లో సవ్వా జిల్లాసభవారు కూర్షెవెల్‌ను ఆ విధముగానే ప్రారంభించారు. 1964 నుండి ప్రభుత్వము ఒక పెద్ద మంచు ప్రణాళిక వేసినది. ఎత్తైన చోట్ల వేలాది పడకల విడిదులు కట్టి, పరదేశ ధనాన్ని రప్పించటము దాని ఉద్దేశము. ఏ ప్రభుత్వము కరెంటు కోసము ఊరిని ముంచినదో, ఆ ప్రభుత్వమే పదేళ్ల తరువాత మంచు అమ్ముకొమ్మని ఊళ్లను ప్రోత్సహించినది! తీన్యులో సరస్సుకు ఎగువన వాల్ క్లారె అనే పేట 1960ల చివర నుండి లేచినది. దాని వెనుక ఉన్నవాడు పియేర్ ష్నెబెలెన్ అనే భవన వ్యాపారి. పెద్ద పెద్ద కాంక్రీటు మేడలు, గది ప్రక్కన గది, తలుపు తీస్తే మంచువాలు. అందము మాట అడుగవద్దు. రాతిపలకల ఇండ్లు చూచిన కండ్లకు ఆ మేడలు గిడ్డంగులవలె ఉంటవని ఫ్రాన్సువారే విమర్శించారు. ఇటీవల కొన్నిటికి కొయ్య తొడుగులు వేసి పాత ఇండ్ల పోలిక తెచ్చారు. పచ్చిక మేడలైన ఈ కాలములో పొరుగు ఊరు వాల్ దిజేర్ పై 1970 ఫిబ్రవరిలో మంచుచరియ పడి, యువజన విడిదిలో 39 మంది చనిపోయారు. కొండమీద ఎక్కడ కట్టవచ్చును, ఎక్కడ కట్టరాదు అని ఆ దేశము పటాలు గీయించటము ఆ తరువాతనే గట్టిగా సాగినది. 1977లో రాష్ట్రపతి జిస్కార్ దెస్తాన్ కొండల్లో ఇక ఇట్టి కట్టడాలకు హద్దు ఉండవలెనని ప్రకటించారు. అప్పటికి తీన్యు కట్టుకోవలసినంతా దాదాపు కట్టుకొన్నది.

ఆటల చరిత్ర తెలిసినవారికి జాన్-క్లోద్ కిల్లీ పేరు తెలిసి ఉంటుంది. వాల్ దిజేర్‌లో పెరిగినవాడు. 1968 గ్రెనోబ్ల్ శీతకాలపు ఒలింపిక్సులో కొండవాలు స్కీ పందేలు మూడింటిలోను స్వర్ణ పతకాలు గెలిచాడు. తీన్యు, వాల్ దిజేర్ రెండు ఊళ్ల వాలులను తీగమార్గాలతో కలిపి, అతని పేరు పెట్టారు. అన్నీ కలిపితే సుమారు 300 కిలోమీటర్ల దారులు. 1992లో అల్బేర్‌విల్ ఒలింపిక్సు వచ్చినప్పుడు గుట్టల మీద ఎగురుతూ సాగే కొత్త స్కీ పందెము తీన్యులో జరిగినది. ఆ పోటీకి మొదటిసారి పతకము పెట్టినది అక్కడనే. పురుషులలో ఆ దేశస్థుడే ఎద్గార్ గ్రోస్పిరోన్ గెలిచాడు. మరుసటి యేట కొండ లోపల సొరంగము తవ్వి, హిమానీనదము వరకు రైలు వేశారు. 2,100 మీటర్ల నుండి 3,000 మీటర్ల పైకి కొద్ది నిమిషాలలో చేరవచ్చును.

ఆనకట్ట గోడ మీద కూడ 1989లో ఒక విశేషము జరిగినది. జాన్-మారీ పియెరె అనే చిత్రకారుడు దాని ముఖము మీద దాదాపు 12,000 చదరపు మీటర్ల మేర ఒక మహాకాయుని బొమ్మ వేశాడు. భుజాలతో నీటిని ఆపుతున్న వీరుడు. ఎండకు, వానకు ఆ రంగులు చాలవరకు వెలిసిపోయినవి.

ఇప్పుడు ఆ గ్రామములో శాశ్వత నివాసులు సుమారు రెండు వేలు. యాత్రికుల పడకలు అంతకు పదిరెట్ల పైననే. మేడలలో గదులు కొన్నవారిలో పెక్కుమంది ఎక్కడెక్కడివారో. హోటళ్లలో వడ్డించేవారు, తీగమార్గాలు నడిపేవారు చాలమంది చలికాలానికి వచ్చి వసంతానికి పోయేవారే. ఒకప్పుడు ఆ ఊరివారు చలికాలములో కూలికి పట్నము పోయేవారు, ఇప్పుడు పట్నమువారు చలికాలములో కూలికి ఆ ఊరికి వస్తున్నారు. మునిగిన ఊరి సంతానము ఆ జనములో పలచబడిపోయినది. మన క్యాంపులలోను మూడవ తరము వచ్చేసరికి వచ్చినవారెవరు, ఉన్నవారెవరు అన్న లెక్క మారుతున్నది గదా. అయితే మాకు చెప్పుకొనేందుకు వెనుక ఒక పల్లె ఉన్నది, బస్సెక్కితే పోయి చూడవచ్చును. వారికి ఆ సౌకర్యము లేదు. ఆనకట్టను పరీక్షించటానికి నీరు ఖాళీ చేసిన సందర్భాలలో బురదలో పునాదులు, పాత వంతెన జాడలు బయటపడేవి. అట్టి వేళ పాతవారు దిగివచ్చి, ఇది మా ఇల్లు, ఇది బాట అని పిల్లలకు చూపుకొనేవారు.

ఇక హిమానీనదము సంగతి. ఒకప్పుడు తీన్యువారు ఏడాది పొడుగునా, 365 రోజులు, స్కీ ఆడవచ్చునని ప్రకటనలు వేసుకొన్నారు. భూమి వేడెక్కుతున్న కొద్దీ గ్రాండ్ మోత్ మంచు పలచబడి వెనుకకు జరుగుతున్నది. వేసవి స్కీ ఇప్పుడు కొద్ది వారాల మాట అయినది, ఎండ ముదిరిన ఏడు అదీ ముందుగానే ముగుస్తున్నది. నడక, సైకిలు, సరస్సులో పడవ అంటూ వేసవికి వేరే ఆకర్షణలు వెదుకుతున్నారు. ఆ కరిగిన నీరు వాల్ క్లారె మీదుగా సరస్సులోకి, అక్కడినుండి వాగై దిగువకు దూకి, పాత ఊరు ఉన్నచోట నిలిచిన జలాశయములో కలిసి, సొరంగము గుండా పోయి మాల్‌గోవెర్‌లో కరెంటు అవుతున్నది.